మూడో వరుసలో నాలుగో ముఖం

మా అమ్మాయి తరగతిలోని ఒక పిల్ల ఇల్లు మారడం వల్ల బడి మానేసిందని ఇంతకాలం అందరితో చెబుతూ వచ్చాను. మా ఆవిడతో కూడా అదే చెప్పాను. అది నిజం కాదు.

నాకు అశోక్‌నగర్‌లో ఫొటో స్టూడియో ఉంది. పోటీ పరీక్షలు రాసే హాస్టల్ పిల్లలకు పాస్‌పోర్టు ఫొటోలు తీయడమే ఎక్కువ పని. ఎవరూ అడక్కుండానే ముఖం కొంచెం తెల్లగా చేసి ఇస్తాం. నా రంగు నాకిచ్చెయ్ అని తిరిగొచ్చినవాడు ఇన్నేళ్ళలో ఒక్కడూ లేడు.

కరోనా తర్వాత మా అమ్మాయిని ప్రైవేటు స్కూలు మాన్పించి చిక్కడపల్లిలో ఒక సర్కారు బడిలో వేశాం. నాలుగో తరగతిలో తన పక్కన కూర్చున్నది సిద్దీల పిల్ల. నిజాం కాలంలో గుర్రపు దళం కోసం ఆఫ్రికా నుంచి తెచ్చిన వాళ్ళ వంశం. చిక్కటి నలుపు, రింగురింగుల జుట్టు. తల్లి ముషీరాబాద్‌లో బట్టలు కుడుతుంది. బడి గేటు దగ్గర ఆమెను నేను మొట్టమొదట అడిగింది, "మీది ఏ దేశమండీ?" అని.

"ముషీరాబాద్, భయ్యా. మా దాదా వాళ్ళ దాదా గూడ ఈడనే. మీది?"

మాది గుంటూరు. మా నాన్న ఉద్యోగానికి వచ్చి ఇక్కడ ఉండిపోయారు. ఆ మాట చెప్పకుండా నవ్వేశాను.

దసరా సెలవుల తర్వాత తల్లిదండ్రుల మీటింగు జరిగింది. ఆ పిల్లను వేరే సెక్షన్‌లోకి మార్చమని కొందరు లేచారు. తమ పిల్లలు జడుసుకుంటున్నారట.

"రేపు కరెంటు పోతే ఆ పిల్లని ఎట్ల ఎతుకుతరు మేడం?" అన్నాడు వెనక బెంచీలో ఒకాయన. నవ్వులు.

మా ఆవిడది వరంగల్ వైపు. లేచి నిలబడింది. "కరెంటు పోతే నువ్వు గూడ కనబడవన్నా. గప్పుడు నిన్ను ఏ సెక్షన్ల ఎయ్యాలె?"

ఈసారి ఇంకా పెద్దగా నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నారాయణగూడ చౌరస్తా దాకా వాదించుకుంటూనే నడిచాం.

"అందరితో గొడవెందుకు? వేరే సెక్షనైనా అదే బడి కదా," అన్నాను.

"అట్లయితే మన పిల్లనే పంపుదాం ఆ సెక్షన్‌కు. ఒప్పుకుంటవా?"

మర్నాడు ఆ పిల్లను మార్చాలన్న సంతకాల కాగితం నా షాపుకు వచ్చింది. ఏడో సంతకం నాది. ఇంట్లో చెప్పలేదు. పెద్ద మేడం ఆ కాగితం తీసుకుని, ఏడాది చివర్లో చూద్దామంది.

ఫిబ్రవరిలో తరగతి గ్రూపు ఫొటో పని నాకే వచ్చింది. మూడో వరుసలో నాలుగో పిల్ల ఆమె. ఐదోది మా అమ్మాయి. ఆ పిల్ల చెయ్యి మా అమ్మాయి భుజం మీద ఉంది. ఈ ఫొటో ఇళ్ళకు వెళితే ఆ గొడవ మళ్ళీ లేస్తుందనిపించింది. ఆ పిల్ల పక్కవాళ్ళలో కలిసిపోతే ఎవరి కంటికీ తగలదు, ఉన్న సెక్షన్‌లోనే ఉంటుంది. నేను పెట్టిన సంతకానికి అదే విరుగుడు అనుకున్నాను. నుదురు, బుగ్గలు, మెడ, ఒక్కొక్కటే తెల్లబరిచాను. జుట్టు సాపు చేశాను. కళ్ళ జోలికి పోలేదు. అదే పేరుతో సేవ్ చేశాను. దాంతో అసలు ఫొటో పోయింది.

ఫొటోలు పంచిన రోజు నేను తరగతిలోనే ఉన్నాను. పిల్లలందరూ క్షణంలో తమను తాము కనుక్కున్నారు. ఆ పిల్ల వేలు పెట్టి వరుసలు లెక్కపెట్టింది. మూడో వరుసలో నాలుగో ముఖం దగ్గర వేలు ఆగింది. మళ్ళీ మొదటినుంచి లెక్కపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగింది.

"సార్, నా జాగల ఎవరో నిలబడ్డరు," అంది.

ఎవరూ నవ్వలేదు. అది బూడిద పూసినట్టున్న ముఖం, ఎవరిదీ కాదు. అందులోంచి ఆ పిల్ల కళ్ళు చూస్తున్నాయి. మా అమ్మాయి ఫొటోను బోర్లా పెట్టేసింది. సాయంత్రం ఇంట్లో అడిగింది: "నాన్నా, నా మీద చెయ్యేసింది ఎవరు?"

ఆ రోజు తమతోపాటు ఇంకొకతె నిలబడిందని, ఆమె తరగతిలోంచి వెళ్ళలేదని పిల్లల్లో మాట పుట్టింది. ఆ పిల్ల కూర్చునే బెంచీ దగ్గరకు ఎవరూ పోలేదు. మా అమ్మాయి కూడా బెంచీ మారింది. అప్పటిదాకా జడుసుకున్నది పెద్దవాళ్ళే. పిల్లలకు ఆ భయం నేను పెట్టాను.

వారం తిరక్కుండా తల్లి షాపుకు వచ్చింది. కౌంటర్ మీద ఫొటో పెట్టింది.

"భయ్యా, ఆ దినం నా బిడ్డ బడికొచ్చింది గదా. ఫొటోల ఎందుకు లేదు?"

"ఇదిగో, ఇక్కడే ఉందమ్మా. ప్రింటింగ్ మెషీన్ తేడా చేసింది."

"ఇంతమందిల మెషీన్‌కు నా బిడ్డే దొరికిందా? సరే, అసలుదియ్యి. అదొక్కటి చాలు."

లేదని చెప్పాను. ఆమె నా కంప్యూటర్ వైపు చాలాసేపు చూసింది, బిడ్డ దాని లోపలే ఎక్కడో ఉన్నట్టు.

"మేడం దగ్గరున్న కాగితం మీద నీ సంతకం గూడ మెషీనే పెట్టిందా, భయ్యా?"

ఫొటో తీసుకోకుండా వెళ్ళిపోయింది. ఐదో తరగతికి ఆ పిల్ల రాలేదు.

మొన్న మా అమ్మాయి సర్టిఫికెట్ పని మీద ఆ బడికి వెళ్ళాను. పెద్ద మేడం గదిలో గోడకు ఆ ఫొటో ఉంది. పడమటి కిటికీలోంచి ఎండ రోజూ దాని మీదే పడుతుంది. నా షాపు ఇంకు ఎండకు నిలవదు. ముప్పై మందీ వెలిసిపోయారు. అందరికీ అదే ముఖం వచ్చింది. మా అమ్మాయి కోసం వెతికాను, కనబడలేదు. వేలు పెట్టి వరుసలు లెక్కపెట్టాను. మూడో వరుస, ఐదో ముఖం. అప్పటికీ నమ్మకం కుదరలేదు. చివరికి భుజం మీదున్న చేతిని బట్టి గుర్తుపట్టాను.

ఇంటికి వెళ్ళి ఏడో సంతకం సంగతీ, ఫొటో సంగతీ మా ఆవిడకు చెప్పాను. ఆమె తిట్టలేదు. కూరగాయలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టింది.

"ఆ పిల్ల ఇప్పుడు ఏ బడిల ఉంది?"

నాకు తెలియదు.