జపాన్ ఆటగాడిని చూడటానికి శాండీఫోర్డ్ దాకా

పోయిన శనివారం మా అమ్మాయి వేదను తీసుకుని, ఐర్లండ్‌లో మేముండే కార్క్ నుంచి డబ్లిన్ వెళ్లి వచ్చాను. ఆట నుంచి రిటైరైన ఒక జపాన్ ఫుట్‌బాల్ ఆటగాడు డబ్లిన్ శివారు శాండీఫోర్డ్ దగ్గర ఒక చిన్న మైదానంలో పిల్లలను కలుస్తాడని తెలిసింది. ఆడినన్నాళ్లూ ఆయన పేరు వినని వాళ్లు కూడా ఇప్పుడు ఆయన వీడియోలు చూస్తున్నారు. పెరట్లో బంతి తన్నుతాడు, గురి తప్పుతాడు, జారి పడతాడు. ఏదీ కత్తిరించకుండా పెడతాడు.

ఎనిమిదేళ్ల వేద రోజూ అవే చూస్తుంది. తను మాత్రం రెండు నెలలుగా ఆడటం లేదు. కారణం నేనే. ప్రాక్టీసులో తను వెల్లకిలా పడిన వీడియో ముద్దుగా ఉందని మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఒక పుట్టినరోజు పార్టీలో అంకుల్స్ అందరూ "ఏమ్మా, ఇవాళ పడలేదా?" అని ఆటపట్టించారు. ఆ మర్నాటి నుంచి బూట్లు ముట్టుకోలేదు. ఆ ఆటగాణ్ణి చూస్తేనైనా మళ్లీ ఆడుతుందేమోనని నా ఆశ.

మావారికి రింగాస్కిడీ ఫ్యాక్టరీలో షిఫ్టు ఉండటంతో ఇద్దరమే ఏడింటి రైలెక్కాం. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే కాస్త చవక. పులిహోర డబ్బా మ్యాలో స్టేషన్ రాకముందే ఖాళీ అయింది. నా సంచిలోంచి వేద బూట్లు తొంగి చూస్తుంటే ఎదురు సీటు పెద్దాయన, "మ్యాచ్‌కా?" అన్నాడు.

"నో. జస్ట్ లుకింగ్," అంది వేద.

"గ్రాండ్. చూడటానికైతే మోకాళ్లు నొప్పెట్టవు," అన్నాడాయన.

తొమ్మిదిన్నర దాటాక డబ్లిన్ హ్యూస్టన్ స్టేషన్‌లో దిగి, లువాస్ ట్రామ్ ఎర్ర లైనులో ఊరి మధ్యకు వెళ్లాం. అక్కడ నాలుగడుగులు నడిచి ఆకుపచ్చ లైను పట్టుకుంటే పదకొండుకు శాండీఫోర్డ్.

క్యూలో మా ముందున్న నిజామాబాద్ ఆవిడతో మాట కలిసింది. "కార్క్ నుంచి వచ్చిన్రా అక్కా? ఈయన్ని చూడనీకి గింత దూరమా! నాది పక్క బిల్డింగే, అయినా మా పిల్లగాడు లేపితేనే లేచిన."

ఆటగాడు వీడియోల్లో కంటే పొట్టిగా ఉన్నాడు. ప్రతి బిడ్డ ముందూ మోకాళ్ల మీద కూర్చుని, "వీడియో? యెస్? నో?" అని అడుగుతున్నాడు. అమ్మానాన్నలను అడగడం లేదు. పిల్లలందరూ యెస్ అంటున్నారు. మా వంతు వచ్చేసరికి నా ఫోన్ అప్పటికే పైకి లేచి ఉంది. వేద నా వైపు చూడకుండానే "నో" అంది.

ఆయన లేచి, ఫోన్ దించమన్నట్టు నాకు తల వంచాడు.

"లోపల పెట్టేయ్ అక్కా," అని గొణిగింది నిజామాబాద్ ఆవిడ. పెట్టేశాను. ఖాళీ చేతిని ఏం చేసుకోవాలో తెలియలేదు.

వేద బూట్లు అడిగింది. మొదటి బంతి తప్పింది. రెండోదానికి చతికిలపడింది. ఆయన ఇంకో బంతి పెట్టాడు. అది గోల్ స్తంభానికి తగిలి బయటికి పోయింది. వేద పగలబడి నవ్వింది.

ఆయన పడటాన్ని ఆయనే లోకానికి చూపించుకుంటాడు. వేద పడటాన్ని చూపించింది నేను. అంత దూరం వెళ్తే గానీ ఈ తేడా నాకు తట్టలేదు.

తిరుగు రైలు నాలుగింటికి. "ఆ వీడియో నేను తీసేసి, గ్రూపులో అందరినీ తీసేయమన్నాను. నిన్ను అడగకుండా పెట్టడం తప్పే," అన్నాను. వేద కిటికీలోంచి ఆవులను చూస్తూ కూర్చుంది. లిమరిక్ జంక్షన్ స్టేషన్ దాటాక నా వైపు తిరిగింది.

"మంగళవారం ట్రైనింగ్‌కి ఐల్ గో. బట్ యు స్టే ఇన్ ద కార్, అమ్మా."

సరేనన్నాను. ఆరున్నరకు కార్క్‌లో దిగేసరికి చినుకులు. ఇంత దూరం వెళ్లొచ్చినా మా దగ్గర ఒక్క ఫొటో కూడా లేదు. మంగళవారం మాత్రం ఉంది.