శనిగ్రహం చూపించాలని గొట్టంతో కుస్తీ పట్టిన మా బాబాయ్

నిన్న మధ్యాహ్నం స్టాఫ్‌రూమ్‌లో ఉండగా పిన్ని ఫోన్ చేసింది.

"మీ బాబాయ్ ఇక లేడే అమ్మాయ్" అంది. ఆ తర్వాత ఏం చెప్పిందో నాకు వినపడలేదు.

ప్రభాకర్ బాబాయ్ తెనాలిలో ముప్పై ఏళ్లు లేత్ మెషిన్ మీద పని చేశాడు. మానేశాక టెలిస్కోపులు చేసి పిల్లలకు చూపించేవాడు.

మొదటిదానికి అల్యూమినియం గొట్టం వేశాడు. బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్లాం.

పగలంతా ఎండకు కాగిన గొట్టం పొద్దుగూకగానే చల్లబడసాగింది. శనిగ్రహం ఒక్క నిమిషం స్పష్టంగా కనిపించేది, మళ్లీ మసక. ఫోకస్ సరిచేస్తే ఐదు నిమిషాలు కూడా నిలవలేదు.

చేపలమ్మే పెద్దామె ఒకావిడ రెండుసార్లు లైన్లో నిలబడింది.

"నాకు చూపు ఆనట్లేదులే బాబూ" అని వెళ్లిపోయింది. తన కళ్లదే తప్పనుకుంది.

బాబాయ్‌కి అన్నం సహించలేదు. "ఆమె కళ్లు కాదే, అద్దమూ కాదు. చల్లారేకొద్దీ గొట్టం పొట్టిదైపోతోంది. వెంట్రుకంత తగ్గినా ఫోకస్ పోద్ది!"

ఆరు నెలలు అదే పని. ప్లాస్టిక్ పైపు ఇంకా ఎక్కువ ముడుచుకుంది. చివరికి ప్రింటింగ్ ప్రెస్ నుంచి దళసరి అట్ట గొట్టం తెచ్చి, సముద్రపు తేమకు ఉబ్బకుండా లోపలా బయటా వార్నిష్ పట్టించాడు.

ఫోకస్ నిలబడింది.

ఆ పెద్దామెను వెతుక్కుంటూ వెళ్లి మరీ చూపించాడు.

"ఓయమ్మో, దానికి కడియం ఉందండి!"

బాబాయ్ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

నిన్న ఆ టెలిస్కోపును రేపల్లెలో మా స్కూలుకి తేవాల్సి ఉంది.

మొన్న ఫోన్లో, "గుండెల్లో బరువుగా ఉందే. గ్యాస్ అనుకుంటా. వచ్చే వారం రానా?" అని అడిగాడు.

నేనేమన్నానో తెలుసా?

"పిల్లలు ఎదురుచూస్తున్నారు బాబాయ్. టాబ్లెట్ వేసుకుని వచ్చేయ్."

బయల్దేరాడు. బస్సులోనే ఒరిగిపోయాడు.

హాస్పిటల్‌కి వెళ్లు అని ఒక్క మాట ఎందుకు అనలేదు నేను? సైన్స్ చెప్పే టీచర్‌ని. గుండె బరువంటే ఏంటో తెలియనిదాన్నా?

ఈ ఉదయం పిన్ని కాళ్ల దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆమె నా తల మీద చెయ్యి వేసింది. తిట్టినా, కొట్టినా తట్టుకునేదాన్ని. ఆ చెయ్యి తట్టుకోలేకపోతున్నాను.

దయచేసి ఎవరూ నన్ను ఓదార్చకండి. మీ ఇంట్లో ఎవరైనా గుండెల్లో బరువుగా ఉందంటే మాత్రం, ఆ క్షణమే బయల్దేరండి.

సాయంత్రం తెనాలిలో భూస్థాపన.

నన్ను క్షమించు బాబాయ్. పోయిరా. ప్రభువు నీకు నెమ్మది ఇవ్వాలి.