చెప్పులు బయట ఇడిచి రా

ప్రభుత్వం గురించి నేను మాట్లాడటం మొదలుపెడితే ఆపడం కష్టమని ఫిలింనగర్‌లో నాకో పేరుండేది. టీ కొట్టు దగ్గర నన్ను చూడగానే, "ఇవాళ సర్కారు మీద పడటం అయిందా, ఇంకా లేదా" అని ఆటపట్టించేవాళ్ళు. నేనూ తగ్గేవాణ్ణి కాదు. సొంత ఇల్లు కట్టుకునే మనిషి సిమెంటు బస్తాల కోసం పర్మిట్ పట్టుకుని ఆఫీసు చుట్టూ తిరగడమేమిటి, ఫోను కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూడటమేమిటి, మన కష్టం మీద నడిచే ఆఫీసు మనకే దయ చూపిస్తున్నట్టు మాట్లాడటమేమిటి అని ఊదరగొట్టేవాణ్ణి. దేవుడు, కుటుంబం, చెమటోడ్చి కట్టుకున్న నాలుగు గోడలు, వీటి జోలికి ప్రభుత్వం రాకూడదన్నది నా నమ్మకం. ఇప్పటికీ అదే నమ్మకం. కాకపోతే ఆ మాటలు చెప్పేటప్పుడు ఇదివరకులా గొంతు లేవదు. ఎందుకు లేవదో ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు.

ఈ పిచ్చి నాకు నాన్న దగ్గర పట్టుకుంది. గోదావరి జిల్లాలో మాకు చిన్న రైసు మిల్లు ఉండేది. ఆడించిన బియ్యంలో కొంత భాగం ప్రభుత్వానికి, వాళ్ళు చెప్పిన ధరకే ఇవ్వాలి. దాన్ని లెవీ అనేవాళ్ళు. నాన్న సణుక్కుంటూనే ఇచ్చేవారు. ఒకరోజు పొద్దున్నే ఒక అధికారి, మేమేదో దాచిపెట్టామన్న అనుమానంతో మిల్లంతా వెతికి, అంతటితో ఊరుకోకుండా ఇంట్లోకి వచ్చాడు. బూట్లు విప్పలేదు. దేవుడి గది ముందు నుంచే వంటింట్లోకి వెళ్ళి, అమ్మ వండుకునే బియ్యం డబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ దొరక్క వెళ్ళిపోయాడు. నాన్న ఒక్క మాట అనలేదు. అమ్మ వంటిల్లు కడుగుతుంటే, ఆయన అరుగు మీద తల వంచుకుని కూర్చున్నారు. నాకప్పుడు పన్నెండేళ్ళు. ఆ అధికారితో ఆయన ఏమని ఉండాల్సిందో, ఆ తర్వాత చాలా ఏళ్ళు మనసులో రాసి కొట్టేస్తూ ఉండేవాణ్ణి.

ఎనభైల చివర్లో నేను ఒక పెద్ద మాటల రచయిత దగ్గర అసిస్టెంటుగా చేరాను. కాపురం వెంగళరావు నగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. పొద్దున్నే బస్సెక్కి చెక్‌పోస్టు దగ్గర దిగి, జూబ్లీహిల్స్ బండల మధ్య మట్టిదారిన నిర్మాతగారింటికి నడిచేవాణ్ణి. కథా చర్చలూ టిఫిన్లూ అక్కడే. ఆ ఏడు తీస్తున్న సినిమాలో ఒక చిన్న సీనుంది. రోడ్డు వెడల్పు చెయ్యడానికి ఇళ్ళు కొలుస్తూ ఒక అధికారి ముసలి వడ్రంగి గుమ్మం ఎక్కుతాడు. వడ్రంగి ఏదో అంటాడు, అధికారి వెనక్కి తగ్గుతాడు. పెద్ద రచయితగారికి ఆ సీను మీద ఆసక్తి లేదు. "నాలుగు ముక్కలే కదా, నువ్వు రాసెయ్" అన్నారు. ఆ నాలుగు ముక్కల కోసం నేను పన్నెండో ఏటి నుంచి సిద్ధంగా ఉన్నాను.

వడ్రంగి వేషానికి బోరబండ నుంచి ఒక జూనియర్ ఆర్టిస్టును పిలిపించారు. ఊళ్ళలో నాటకాలాడి, పొట్ట చేతపట్టుకుని పట్నం వచ్చిన మనిషి. పదేళ్ళుగా సినిమాల్లో గుంపులో నిలబడుతున్నాడు గానీ ఒక్క డైలాగు పలికింది లేదు. నా కాగితం చేతికివ్వగానే కళ్ళకద్దుకున్నాడు. రెండుసార్లు చదివి, మొహమాటపడుతూ నా దగ్గరికి వచ్చాడు.

"రైటర్ సాబ్, గిది మా తీరుగ చెప్పనా? మీ తీరుగ జెప్తె నోట్లె తిరుగుతలేదు."

ఆ రోజుల్లో సినిమాల్లో తెలంగాణ మాట వినపడిందంటే నవ్వించడానికో, రౌడీ నోట తిట్టించడానికో. ఒక పెద్దమనిషి పరువుగా మాట్లాడే మాటగా ఎవరూ వాడేవాళ్ళు కాదు. నాకూ అనుమానంగానే ఉంది. సరే చెప్పమన్నాను. ఆయన భుజం మీద తువ్వాలు సర్దుకుని, గొంతు పెంచకుండా చెప్పాడు.

"సారూ, గీ ఇల్లు నువ్వు కట్టియ్యలే. గీ గోడల మట్టి నా పెండ్లాం తొక్కింది. లోపటికి రావాల్నంటే అడిగి రా. చెప్పులు బయట ఇడిచి రా."

నేను రాసింది రెండింతలుంది. ఆయన అందులో సగం తీసేసి, ఉన్న సగానికి ప్రాణం పోశాడు. నాకు నాన్న గుర్తొచ్చి, పని ఉన్నట్టు పక్కకు వెళ్ళిపోయాను. తర్వాత డబ్బింగు థియేటర్లో ఆయన అదే మాట మైకు ముందు చెబితే, అద్దం వెనక ఉండే సౌండింజనీరు లేచి బయటికొచ్చి చెయ్యి కలిపాడు. వడ్రంగి వేషం వేసిన ఆ పెద్దాయన వారం రోజుల పాటు ఫిలింనగర్‌లో కనపడినవాళ్ళందరికీ ఆ సంగతి చెప్పుకున్నాడు.

సినిమా సెన్సారుకు వెళ్ళే ముందు అందులోని ప్రతి మాటా కాగితం మీద టైపు చేసి ఇవ్వాలి. ఆ పని అసిస్టెంట్లది, అంటే నాది. అంతకు ముందు సినిమాకి సెన్సారు వాళ్ళు రెండు చోట్ల కోత పెట్టడంతో విడుదల ఆలస్యమై, నిర్మాతగారు మమ్మల్నందరినీ నిలబెట్టి కడిగేశారు. అది నా బుర్రలో అలాగే ఉంది. వడ్రంగి సీను టైపు చేస్తుంటే చెయ్యి ఆగింది. ప్రభుత్వోద్యోగిని అవమానించారంటారేమో. ఇళ్ళు కొలవడానికి వచ్చేవాళ్ళ మీదికి జనాన్ని ఎగదోస్తున్నారంటారేమో. ఎవరు రాశారని అడుగుతారేమో. అడిగితే పెద్ద రచయితగారు నావైపు వేలు చూపిస్తారు. అప్పుడు నా పనేం గాను?

నన్నెవరూ అడగలేదు. నేనే లేచి నిర్మాతగారి దగ్గరికి వెళ్ళి, ఆ నాలుగు ముక్కలు ప్రమాదమని చెప్పాను. ఆయనకి ఆ సీనే గుర్తు లేదు.

"నీకంత భయంగా ఉంటే తీసెయ్యవయ్యా. నాకు డేటు ముఖ్యం" అన్నారు.

ఎడిటరు మాత్రం ఒప్పుకోలేదు. "బాగుంది కదయ్యా, ఉండనీ. వాళ్ళు వద్దంటే అప్పుడు చూద్దాం" అన్నాడు. రిస్కు ఎందుకని నేనే పట్టుబట్టాను. ఆయన ఫిలిం మీద పెన్సిలుతో గీతలు పెట్టి, ఆ ముక్క కత్తిరించి, పక్కనున్న గుడ్డ సంచీలోకి వదిలేశాడు. నేను మిగిలిన పేజీలు టైపు చెయ్యడానికి వెళ్ళిపోయాను.

సెన్సారు వాళ్ళు సినిమా చూశారు. ఒక పాటలో ఏదో చిన్న అభ్యంతరం చెప్పారు, అంతే. వెళ్ళేటప్పుడు కమిటీలో ఉన్న ఒక పెద్దావిడ, ఏదో కాలేజీలో పాఠాలు చెప్పిన మనిషిలా ఉన్నారు, వరండాలో కాగితాలతో నిలబడ్డ నన్ను చూసి ఆగారు.

"ఆ వడ్రంగి ఏదో అనబోయి ఆగిపోయినట్టుందే. ఏమన్నాడు?"

"ఏమీ అనలేదండీ."

"అనాల్సింది" అని ఆవిడ మెట్లు దిగిపోయారు.

సినిమా విడుదలైన రోజున పెద్దాయన భార్యనీ, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళనీ వెంటబెట్టుకుని మొదటి ఆటకు వెళ్ళాడట. తెర మీద ఆయన నోరు తెరవబోతుండగా బొమ్మ మారిపోయి అధికారి మొహం వస్తుంది. మర్నాడు పొద్దున ఫిలింనగర్ టీ కొట్టు దగ్గర నా కోసం కాచుకుని ఉన్నాడు. అరవలేదు, నిలదియ్యలేదు.

"నేను మంచిగ చెప్పలేదా, సాబ్?" అన్నాడు.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. చుట్టూ నలుగురున్నారు. వాళ్ళంతా నా ఉపన్యాసాలు విన్నవాళ్ళే. సర్కారంటే లెక్కచెయ్యని మనిషిగా నన్ను ఎరిగినవాళ్ళు. నా నోట్లోంచి ఇంకో మాట వచ్చింది.

"సెన్సారు వాళ్ళు తీసేశారు, పెద్దాయనా."

"అంటె సర్కారోళ్ళా?"

"అవును."

ఆయన మొహంలో చీకటి పోయింది. "నా మాటకు సర్కారు భయపడ్డదా, సాబ్?" అన్నాడు. నేను మళ్ళీ అవునన్నాను. పక్కన ఉన్నవాళ్ళలో ఒకడు సెన్సారును తిట్టాడు. నేనూ వాడితో గొంతు కలిపి తిట్టాను. ఆ పూట నేను మాట్లాడినంత బాగా ఎన్నడూ మాట్లాడలేదని అందరూ అన్నారు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుతో చెవులు వేడెక్కుతాయి.

ఆ తర్వాత ఆయనకు ఇంకో డైలాగు రాలేదు. వేషం తెర మీద కనపడింది గానీ గొంతు వినపడలేదు కదా, ఎవరు పిలుస్తారు? కానీ ఆయన కుంగిపోలేదు. సర్కారు తన మాటకు జడిసిందని చెప్పుకుంటూ, తల ఎత్తుకునే తిరిగాడు. అబద్ధమైతేనేం, ఆయనకు మంచే చేసిందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. ఏళ్ళు గడిచాయి. నా పేరు తెర మీద విడిగా వెయ్యడం మొదలైంది. జూబ్లీహిల్స్ బండలు పగిలి బంగళాలు లేచాయి. నేను స్కూటరు కొన్నాను.

తొంభైల మధ్యలో జూనియర్ ఆర్టిస్టుల సంఘం మనిషి ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. పెద్దాయనకు మోకాళ్ళు పోయాయి, లేచి నడవలేకపోతున్నాడు. ఆయన భార్యకు ఉబ్బసం, మందులకే కటకటగా ఉంది. బీద కళాకారులకు ప్రభుత్వం పింఛను ఇస్తోంది, ఫారం నింపి తీసుకెళ్తే ఆయన సంతకం పెట్టనంటున్నాడు.

"మేమంతా చెప్పి చూసినం సార్. మీ మాటైతే ఇంటడు" అని ఫారం నా చేతిలో పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే బోరబండ వెళ్ళాను. స్కూటరు కింద ఆపి, గుట్ట మీదికి మెట్లెక్కాను. రేకుల ఇల్లు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను. ఆయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూడగానే లేవబోయి లేవలేక నవ్వాడు. పక్కింటి వాళ్ళను కేకేసి పిలిచి, "గీ సారే ఆ డైలాగు రాసింది. సర్కారుకు నిద్ర లేకుండ జేసిన సారు" అని చూపించాడు. వాళ్ళ ముందు ఆ నాలుగు ముక్కలూ మళ్ళీ చెప్పాడు. ఒక్క అక్షరం పోలేదు. గొంతు మాత్రం సన్నగిల్లింది. గోడవారన ఆయన భార్య ఆయాసపడుతూ కూర్చుని, నా చేతిలోని ఫారం వైపే చూస్తోంది.

వాళ్ళు వెళ్ళాక ఫారం తీశాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"మీరే చెప్పుండ్రి సాబ్. నా మాట కోసినోళ్ళ కాడ చెయ్యి చాపమంటరా? సర్కారు పైస మనకెందుకని టీ కొట్టు కాడ మీరే గద అంటుంటిరి. నేను మీ మాటలన్నీ యాదిల పెట్టుకున్న."

నిజమే, ఎన్నో సార్లు అన్నాను. ఒంటి మీద సత్తువా, జేబులో సినిమా డబ్బూ ఉన్నప్పుడు అన్నాను. ఇప్పుడాయన నా సిద్ధాంతం మీద నాకంటే గట్టిగా నిలబడ్డాడు, నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి. "కోసింది వాళ్ళు కాదు, నేను. వాళ్ళసలు ఆ మాట విననేలేదు" అంటే చాలు, ఆయన సంతకం పెట్టేవాడు. నా మొహాన ఉమ్మి అయినా సంతకం పెట్టేవాడు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. ఆయన కళ్ళు నా మీద అంత గౌరవంగా నిలిచి ఉన్నాయి.

"మీ ఇష్టం, పెద్దాయనా" అన్నాను.

"గట్లనుండ్రి" అని తృప్తిగా తల ఊపాడు.

వచ్చేటప్పుడు ఆయన భార్య మెట్ల దాకా వచ్చింది. ఊపిరి అందే వరకు ఆగి, ఫారం నా చేతిలోనే ఉంచమంది.

"ఇంట్ల ఉంటే చింపేస్తడు సారు. మీ కాడ పెట్టుకోండ్రి. మీరంటె ఆయనకు మస్తు గురి. ఇంకోపాలి వచ్చి జర గట్టిగ చెప్పుండ్రి, పెడ్తడు."

తప్పకుండా వస్తానన్నాను. ఆ వారం షూటింగుంది. ఆ తర్వాతి వారం మద్రాసు ప్రయాణం. నిజానికి ఏ పనీ అడ్డం రాలేదు. బోరబండ వైపు స్కూటరు తిప్పినప్పుడల్లా, ఆ మంచం ముందు నిలబడి చెప్పాల్సిన మాట గుర్తొచ్చి, సందు మొదట్లోనే వెనక్కి తిరిగేవాణ్ణి. ఏడాది తిరక్కుండానే ముందు ఆవిడ, తర్వాత ఆయన పోయారని టీ కొట్టు దగ్గర విన్నాను. చివరి దాకా సర్కారు దగ్గర చెయ్యి చాపలేదని అందరూ ఆయన్ని మెచ్చుకున్నారు. ఏమైనా మాట్లాడతానేమోనని నావైపు చూశారు.

ఫారం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. పేరు, ఊరు, వయసు, వేసిన వేషాలు అన్నీ సంఘం మనిషి గుండ్రటి అక్షరాలతో నింపాడు. సంతకం చోటు మాత్రం ఖాళీ.