బోణీ బిల్లు మీద నల్లమచ్చ

ఆ రోజుల్లో ప్రింటరుకి ఏ జబ్బు చేసినా కారణం డ్రైవరేనని నాకు గట్టి నమ్మకం. (లారీ డ్రైవరు కాదండి, కంప్యూటరు మాట ప్రింటరుకి అర్థమయ్యేలా చేసే సాఫ్ట్‌వేరు.) నందిగామలో కంప్యూటర్లు బాగుచేసే షాపులో చేరి నెల తిరక్కుండానే, జగ్గయ్యపేటలో కొత్తగా తెరుస్తున్న ఒక కిరాణా కొట్టుకి బిల్లు ప్రింటరు బిగించమని మా ఓనరు నన్నొక్కణ్ణే పంపాడు. "ఇది సరిగ్గా చేశావా, ఉద్యోగం పర్మనెంటు. తేడా వచ్చిందా, రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు. బస్సులో దారంతా జేబులో పెన్‌డ్రైవ్ ఉందో లేదోనని తడుముకుంటూనే ఉన్నాను.

షావుకారుగారు నన్ను చూడగానే, "నందిగామలో మా బావమరిది షాపుకి పెట్టింది కూడా మీవాళ్ళేగా?" అన్నారు. అవునండీ అన్నాను. "ఊఁ" అన్నారాయన. వాళ్ళిద్దరికీ మూడేళ్ళుగా మాటల్లేవని ఆ 'ఊఁ' వినగానే అర్థం కావలసింది, కాలేదు. డ్రైవరు వేసి టెస్ట్ పేజీ తీశాను. ముత్యాల్లాంటి అక్షరాలు! పూజకి ప్రింటరు మూత తెరిచి పెట్టమంటే తెరిచాను. షావుకారుగారి అమ్మగారు, అందరూ మామ్మగారనేవారు, ప్రింటరుకి బొట్టు పెట్టి, కర్పూర హారతి ముమ్మారు తిప్పారు. అందరం కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నాం.

బోణీ బిల్లు వచ్చింది. పసుపు, కుంకుమ, బెల్లం, వాటి మీద ఇంత నల్లమచ్చ! "శుభమా అని తెరుస్తుంటే ఇదేంటమ్మా" అని చుట్టాల్లో ఎవరో సణిగారు. షావుకారుగారు బిల్లునీ నన్నూ మార్చి మార్చి చూశారు.

"మా బావమరిది ఏమన్నా చెప్పి పంపాడా నీకు?"

"అయ్యో, లేదండీ. డ్రైవరు సరిగ్గా కూర్చోలేదు."

తీసేసి మళ్ళీ వేశాను. మచ్చ వచ్చింది గానీ కాస్త పలచబడింది. మళ్ళీ వేశాను. ఇంకాస్త పలచబడింది. నా వైద్యం పనిచేస్తోంది! (ఆ గర్వం తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.) నాలుగోసారికి ఆయన స్టూలు తెచ్చుకుని నా వెనకే కూర్చున్నారు, నేను ఏ మీట నొక్కుతున్నానో చూస్తూ. నాకూ అనుమానాలు పుట్టాయి: వైరు మీద, కంప్యూటరు మీద, చివరికి మొహమైనా చూడని ఆ బావమరిది మీద కూడా.

దిక్కుతోచక కాగితం రోలు బయటికి తీశాను. ఒక పక్క మాత్రం పొరలు పొరలుగా కమిలి ఉంది. ఆ ప్రింటర్లకి సిరా ఉండదు, వేడి తగిలితే కాగితమే నల్లబడుతుంది. లోపలి పొరలకి సెగ తక్కువ తగిలింది కాబట్టి మచ్చ తనంతట తనే తగ్గుతూ వస్తోంది, నా డ్రైవరు వల్ల కాదు. తలెత్తితే ఎదురుగా మామ్మగారు, వణికే చేతుల్లో హారతి పళ్ళెం. నిజం చెబితే నా ఉద్యోగం నిలుస్తుంది. కానీ కొడుకు కొట్టుకి అపశకునం తన చేతి మీదుగానే జరిగిందని తెలిస్తే ఆవిడ తట్టుకోగలరా? రోలు గబుక్కున సంచిలో దాచేసి, కొత్తది పెట్టి, "నాదే పొరపాటండి, పాత డ్రైవరు వేశాను" అన్నాను. బిల్లు తెల్లగా వచ్చింది. "నేననుకుంటూనే ఉన్నా" అన్నారు షావుకారుగారు. సాయంత్రానికి మా ఓనరుకి ఫోను వెళ్ళింది. కాళ్ళావేళ్ళా పడితే ఇంకో ఆర్నెల్లు ట్రయల్లో ఉంచాడు.

మొన్న అదే కొట్టుకి కొత్త ప్రింటరు పెట్టడానికి వెళ్ళాను. షావుకారుగారు యథాప్రకారం స్టూలేసుకుని నా వెనక కూర్చున్నారు. నడుం వంగిపోయిన మామ్మగారు హారతి వెలిగించి, మూరెడు దూరంలోనే ఆగిపోయారు.

"ఇక్కణ్ణించే తిప్పుతాలే నాయనా. మళ్ళీ నీ డ్రైవరు పాడవుద్ది."

ఇన్నేళ్ళూ ఆవిడ దగ్గర ఏదో దాచానని మురిసిపోయిన ఆ కుర్రాణ్ణి తలుచుకుని, నవ్వాపుకుంటూ హారతి కళ్ళకద్దుకున్నాను.