అమ్మ ఎనుము, నా స్టాప్‌లాస్

మొన్న మా అమ్మ ఎనుమును పోగొట్టా. తాడు తెంచుకుని పోలేదండీ, ఫోన్లో పోయింది! ఎట్లాగో చెప్తా, నవ్వకుండా వినండి.

మోకాళ్ల నొప్పితో గడ్డి మోయలేక అమ్మ తన రెండు పాడి ఎనుముల్నీ అమ్మేసి, కల్లూరులో మా ఇంటికొచ్చింది. ఆ డబ్బంతా నా చేతిలో పెట్టి, "ఎట్లన్నా పెంచప్పా" అంది. నేను షేర్లు కొన్నా, ఒక్కోటి రెండు వందలకు. పైగా పెద్ద క్లాసు కూడా పీకా.

"అమ్మా, దీన్ని స్టాప్‌లాస్ అంటారు. రేటు నూట ఎనభైకి పడితే ఫోనే అమ్మేస్తాది. అంతకు మించి నష్టం రాదు."

అమ్మ వక్క నములుతూ, "ఇదేం కొత్తప్పా? కర్నూలు మార్కెట్టుకు ఉల్లిగడ్డలు ఏసుకోని పోయేటప్పుడు మీ నాయనకు ఇదే చెప్తాంటి. ఇంతకంటే తగ్గితే ఆశ పడొద్దు, అమ్మేసి బస్సెక్కు అని. వింటేనా!" అంది.

నిజమే, వినలేదు. రేపు పెరుగుతాదని నాన్న మూడు రోజులు బస్తాల మీదే పడుకున్నాడు. నాలుగో రోజు లారీ బాడుగకు సరిపోయే రేటుకు ఇచ్చేసి వచ్చాడు. ఆయన తువ్వాలుకుండే ఉల్లిగడ్డ వాసన నాకెంత ఇష్టమో! ఆయన పోయి ఇన్నేళ్లయినా, ఆ మార్కెట్టు పక్కగా పోతే బండి స్లో చేస్తా.

సరే, షేరు నూట ఎనభై రెండుకొచ్చింది. ఇంత తక్కువకు ఎవరన్నా అమ్ముకుంటారా? స్టాప్‌లాస్ నూట డెబ్భైకి దించా. దాని దగ్గరికీ వచ్చింది. నూట అరవైకి దించా. ఆఫీసులో ఫైలు కింద ఫోను, నోట్లో దేవుడి పేరు! చివరికి విసుగొచ్చి స్టాప్‌లాసే తీసేశా. తొంభై ఎనిమిది దగ్గర కళ్లు తెరుచుకుని, ఉన్నవన్నీ అమ్మేశా.

ఇంటికొచ్చి అమ్మకు చెప్పేశా. "అమ్మా, ఒక ఎనుము పోయింది."

అమ్మ నా చేతిలో ఫోను వైపు చూసింది. "ఫోనే అమ్మేస్తాదంటివే?"

"నేనే వద్దన్నా."

"ఏమని?"

"రేపు పెరుగుతాదని."

అంతే! కొంగు నోటికడ్డం పెట్టుకుని ఒకటే నవ్వు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుంది. "ఆ పొద్దు మీ నాయన గూడా ఇట్లే తలకాయ వంచుకోని నిలబడినాడప్పా. మాట గూడా అదే!"

పుట్టినప్పటి నుంచి నాది మేనమామ పోలికనే అన్నారు అందరూ. నాన్న పోలిక కూడా ఉందని తేలడానికి ఒక ఎనుము ఖర్చయింది.