జట్కా గుర్రం మీద తొలి వాయిదా

మొన్న కడపలో వకీళ్లంతా కలిసి ముసలివాళ్లమైన మా నలుగురికి శాలువాలు కప్పి, ఒక్కొక్కరి జీవిత విశేషాలు మైకులో చదివించారు. నా వంతు వచ్చినప్పుడు, గుర్రమెక్కి కోర్టు కోర్టుకూ తిరిగిన ధీరుడనీ, తొలి కేసులోనే సబ్ కలెక్టరు ఎదుట గంటన్నరసేపు గర్జించి పేదల భూమిని నిలబెట్టిన ఘనుడనీ చదివేసరికి పందిరి అదిరేలా చప్పట్లు మోగాయి. ముందు వరుసలో కూర్చున్న మా ఆవిడ మాత్రం చేతులు కదపలేదు; ఆ కాగితం రాసిచ్చింది నేనేనని ఆమెకు తెలుసు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూనే, "గుర్రం మింద నుంచి పడిందొగటి రాయకపోతివే?" అంది. నా ఈడువాళ్లు చదివే ఈ పుటల్లోనైనా ఉన్నదున్నట్టు చెప్పకపోతే, రేపు పైకి పోయాక అక్కడ అడ్డుప్రశ్నలు వేసేవాళ్లకు దొరికిపోతాను.

ఈ గుర్రం పిచ్చి నాకు పట్టించింది ఒక అమెరికా వకీలు. నేను లా ప్యాసై, కడపలో పేరున్న వకీలైన మా మేనమామ దగ్గర చేరిన కొత్తలో, అంటే రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట, నాకు కేసులు లేవు గాని తీరిక బోలెడంత ఉండేది. మామ బీరువాలో చట్టం పుస్తకాల వెనక అట్ట ఊడిన ఇంగ్లీషు పుస్తకమొకటి దొరికింది. ఆ దేశం కొత్తగా ఏర్పడిన రోజుల్లో బతికిన ఒక వకీలు చరిత్ర అది. కాలేజీ గడప తొక్కకుండా, ఎవరో పెద్ద వకీలు ఇంట్లో కూర్చుని చదివి పట్టా సంపాదించి, జీను సంచిలో రెండు చట్టం పుస్తకాలూ ఒక చొక్కా వేసుకుని, జడ్జి ఏ ఊరు పోతే ఆ ఊరికి గుర్రం మీద వెంట పోయి, పశువుల కొట్టాల్లో కూడా వాదించి, చివరికి చట్టాలు చేసే సభలో పెద్దమనిషై కూర్చున్నాడట. ఆ పుస్తకం మూడుసార్లు చదివానని చెప్పుకునేవాణ్ని. నిజానికి ఒక్కసారే, అదీ పన్నుల సంగతి వచ్చిన అధ్యాయాలు వదిలేసి.

మనకూ అలాంటి కోర్టే ఉంది కదా అని నా సంబరం. ఆ కాలంలో సబ్ కలెక్టరు డేరాలు బండ్లకెత్తించి ఊరూరా తిరిగేవాడు. డేరా ఎక్కడుంటే కోర్టు అక్కడ. పార్టీలూ సాక్షులూ వకీళ్లూ ఆయన వెంట పడి పోవలసిందే. డేరా ముందు జవాను మూడుసార్లు పేరు పిలిచేవాడు. పలికేవాళ్లు లేకపోతే ఆ కేసు పోయినట్టే.

నా తొలి పార్టీ కమలాపురం పక్క పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ దంపతులు, కూలి చేసుకుని బతికేవాళ్లు. దరఖాస్తు పెట్టుకుంటే సర్కారు వాళ్లకు మూడెకరాల బంజరు పట్టా ఇచ్చింది, మూడేండ్లలో సాగులోకి తేవాలన్న షరతుతో. ఆ మూడేండ్లూ కరణం, ఏ నేలలో ఏ పంటో రాసే తన అడంగల్లో 'బీడు' అని రాశాడు. ఆ నేల మీద కన్నేసిన పక్క పొలం ఆసామి పట్టా రద్దు చేయమని అర్జీ పెట్టాడు. రద్దయితే ఇద్దరూ మళ్లీ ఆ ఆసామి చేలోకే కూలికి పోవాలి. మామ ఆ కాగితాలు నా ముందుకు తోసి, "బీడని రాసినాక బీడే అబ్బీ. పేదోళ్లు, దయ సూపండని అడుగు. అంతకన్నా ఏముండాది?" అన్నాడు. ఆ దంపతుల్లో ఆడమనిషి గడపలో నిలబడి, "సామీ, ఆ సేను ఒక్కసారి నువ్వు సూస్తే..." అనబోతే నేను చెయ్యెత్తి ఆపేశాను. అమెరికా వకీలూ అలాగే ఆపి ఉంటాడని నా ఊహ.

వాయిదా రోజున బస్సు ఉండగా ఎక్కలేదు. జట్కా సాయిబు దగ్గర గుర్రం బాడుగకు అడిగాను. అది అరబ్బీ గుర్రమని తర్వాత చాలామందికి చెప్పాను గాని, బండి లాగి లాగి మోకాళ్లరిగిన ముసలి ఆడగుర్రం. "దానికి బండి లాగేదే తెలుసప్పా. యాడన్నా నిలబడితే కొట్టాకు, దిగు," అన్నాడు సాయిబు. ఆ మాట అర్థం దోవలో తెలిసింది. కడప నుంచి కమలాపురం దాకా జట్కా దిగేవాళ్లు ఎక్కడెక్కడ దిగుతారో అక్కడల్లా అది నిలబడుతుంది. వీపు మీది బరువు దిగితే గాని అడుగు వేయదు. నేను దిగాలి, మళ్లీ ఎక్కాలి. కల్లంగడి ముందు మరీ మొండికేస్తే, లోపలి నుంచి ఎవరో తొంగిచూసి, "ఏమప్పా వకీలప్పా, పొద్దున్నేనా?" అని పలకరించాడు. రోషమొచ్చి దిగకుండా మడమలతో పొడిచాను. అది ఒళ్లు విదిలించి నన్ను ముళ్లకంపలో దించింది.

నేను క్యాంపు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. డేరా ఖాళీ. పేర్లు పిలవడం అయిపోయిందని జవాను చెప్పగానే కేసు పోయిందనుకున్నాను. ఇంతలో అతనే, "మీ పార్టీ ఆడమనిసి దొరను సేనికి పిలసకపోయింది సామీ," అన్నాడు. పరుగెత్తాను.

చేను గట్టున సబ్ కలెక్టరు, కరణం, ఆసామి, వాళ్లెదుట ఆ దంపతులు. చేని చుట్టూ నడుమెత్తు రాతిగోడ, చేలోంచి ఏరిన నల్లటి బండరాళ్లు ఒకదాని మీదొకటి పేర్చింది. ఆమె ఆ గోడ మీద చెయ్యేసి అడుగుతోంది: "మూడేండ్లు ఇత్తినాం దొరా, మూడేండ్లూ వానల్లేక ఎండిపాయ. బీడైతే ఈ రాళ్లన్నీ యాడ నుంచి వచ్చినాయో కరణం సామిని సెప్పమను. మేం రాండని పిలిస్తే వచ్చి కూకున్నాయా?"

కరణం గొణిగాడు: "పంట లేకుంటే ఏమని రాయాలమ్మా?"

"ఇత్తి సెడినారని రాయి సామీ."

సబ్ కలెక్టరు అరవదేశపు యువకుడు. గోడ వెంట ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, బూటుతో రాయిని తోసి చూసి, దుమ్ము కొట్టుకుని చొక్కా చిరిగిన నన్నప్పుడు చూశాడు. పుస్తకాల తెలుగులో, "వకీలుగారూ, తాము చెప్పవలసినది ఏమైనను ఉన్నదా?" అన్నాడు. "లేదండీ," అన్నాను. నేను గర్జించిన గంటన్నర అదే. ఆయన అక్కడికక్కడే అర్జీ కొట్టేశాడు.

ఇంతకన్నా పెద్ద ఒప్పుకోలు ఒకటుంది, మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఆ రోజు నా కోటు జేబులో పన్నెండు పుటల వాదన ఉంది. దాని మొదటి వాక్యం, నా పార్టీలు భూమిని సాగు చేయలేదన్న మాట వాస్తవమే, దయచేసి క్షమించాలి అని. వేళకు చేరి ఉంటే ఆ ఒక్క వాక్యంతో వాళ్ల నేలను నా చేతులతోనే ఆసామికి అప్పగించి ఉండేవాణ్ని. ఆమె చెప్పబోయింది ఆ గోడ సంగతేనని అప్పుడు తెలిసింది. ఆ పుటలు చించి అక్కడే పారేశాను. ఆమె మాత్రం నాకు చేతులు జోడించి, "నువ్వొచ్చి నిలబడితివి, అదే సాలు సామీ. నీ మొగం సూసే దొర మెత్తబడె," అంది. నేను కాదనలేదు. ఆ మాట నాకన్నా ముందు ఊళ్లు తిరిగింది. నాకు కేసులు తెచ్చింది. తర్వాత జిల్లా బోర్డుకు నిలబడితే ఓట్లూ తెచ్చింది. బతికినన్నాళ్లూ ఏటా మా ఇంటికి కొర్రలు మూటగట్టి తెచ్చేది, మేమవి తిన్నాం. ఆమె నోట నేను నేర్చుకున్నదొక్కటే: తర్వాత ఏ భూమి కేసూ ఆ భూమి చూడకుండా పట్టలేదు. నా కుటుంబం తిన్న అన్నంలో సగం ఆమె పెట్టిందేనంటే, ఇది మాత్రం పెంచి చెప్పడం కాదు.

ఇప్పుడు పార్టీలు అడంగల్ నకళ్లు పట్టుకొస్తారు, వకీళ్లు వాటినే చదువుతారు, అధికారులు జీపు దిగకుండా సంతకం పెడతారు. కిందటేడు ఆ దోవన పోతూ బస్సు దిగి చూశాను. ఆమె మనవడు బోరు వేసి చీనీ చెట్లు, అంటే బత్తాయి, పెట్టాడు, పచ్చగా ఉంది, కడుపు నిండింది. గోడ లేదు. రోడ్డు పనికని ట్రాక్టర్లకెత్తి పంపాడట. "అడ్డం కదా తాతా," అన్నాడు. అడంగల్లో ఇప్పుడు 'చీనీ తోట, సాగు' అని చక్కగా రాసి ఉంది. ఆ రాళ్లు ఎవరేరారో, ఎన్నేండ్లు ఏరారో అడిగితే చూపడానికి నేల మీద ఒక్క రాయీ మిగల్లేదు. ఈ ముసలి నోరొక్కటి మిగిలింది. అది నమ్మదగ్గది కాదని ఇప్పుడే ఒప్పుకున్నాను.