ఆవుల వైపు తలుపు

విల్ఫ్ రైస్ట్రిక్ ఇల్లు సగం మనిషిది, సగం ఆవులది. ఒకే కప్పు కింద ఎగువన అతను, దిగువన నాలుగు ఆవులు. పేడనీళ్లు కిందికి పోవాలి కదా, అందుకే మూడొందల ఏళ్ల కిందట కట్టినవాళ్లు వాలు చూసి కట్టారు. రెండడుగుల మందం రాతి గోడలు, చిన్న చిన్న కిటికీలు, కప్పు మీద బరువైన రాతి పలకలు. ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్ కొండగాలికి ఇంకోలా కడితే నిలవదు. మధ్యగోడలో ఓక్ చెక్క తలుపు. అది దాటితే వంటింట్లోంచి ఒక్క అడుగులో కొట్టం.

తల్లి పోయినప్పటి నుంచి, పద్దెనిమిదేళ్లుగా విల్ఫ్ ఆ తలుపు మూయలేదు. పెళ్లి కాలేదు. దాని వెనక పెద్ద కథేం లేదు, ఎవరినీ అడగలేదు, అంతే. సాయంత్రం తలుపు పక్కన కుర్చీ వేసుకుని వోట్ రొట్టె, చీజ్ తింటుంటే అవతల క్లోవర్ అనే ఎర్రావు నెమరు వేసేది. ఇతను నమలడం, అది నమలడం. ఆ ఇంట్లో భోజనం వేళ సందడంటే అదే.

1954 వసంతంలో పాల ఇన్‌స్పెక్టర్ హార్కర్ వచ్చి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"ఇది కుదరదు రైస్ట్రిక్ గారూ. మనుషులుండే గదికీ కొట్టానికీ మధ్య దారి ఉండకూడదు. గోడ కట్టేయండి. లేదంటే మీ పాలు లారీ ఎక్కవు."

"మా ముత్తాత ఈ గదిలోనే పుట్టాడు. ఆవులేం అభ్యంతరం చెప్పలేదు."

"రూలు నేను రాయలేదండీ. నెల టైమిస్తాను."

పాలు పోకపోతే ఆవుల్ని అమ్మేయాలి. తలుపు ఉంచుకుంటే దాని అవతల వినడానికి ఏమీ ఉండదు. విల్ఫ్‌కి ఆలోచించడానికేం మిగల్లేదు. తలుపు ఊడదీశాడు.

సున్నం కలుపుతుంటే పక్క పొలం ఆనిస్ కోట్స్ గుడ్లు పట్టుకొచ్చింది. ఇద్దరూ ఒకే బళ్లో చదివినవాళ్లు.

"అయితే విడాకులన్నమాట! క్లోవర్‌కి చెప్పావా?"

"దానికి ముందే తెలిసినట్టుంది. పొద్దున పాలు తగ్గించింది."

"ఆదివారం మా ఇంటికి భోజనానికి రారాదూ. మా ఆయన కూడా అచ్చం క్లోవర్‌లాగే నములుతాడు."

"చూద్దాంలే," అన్నాడు. చూద్దాం అంటే రాననే. ఆమెకీ తెలుసు. గుడ్లు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

పొలాల గట్లకు రాతిగోడలు కట్టడంలో విల్ఫ్ చేయి తిరిగినవాడు. ఇటొక వరస, అటొక వరస, మధ్యలో చిన్న రాళ్లు, అక్కడక్కడా రెండు వరసల్నీ పట్టి ఉంచే పొడుగు రాయి. కానీ అడుగు వరస పేరుస్తుండగా చేయి ఆగింది. పొలం గోడకైతే అక్కడ కన్నం వదులుతారు, కుందేళ్లు దూరడానికి, వాననీళ్లు పోవడానికి. ఇక్కడ కుందేళ్లు లేవు, వాన లేదు. అయినా వదిలాడు. కుర్చీ కాళ్ల దగ్గరే, జానెడు.

నెల తిరక్కుండానే హార్కర్ వచ్చాడు. గోడ తట్టి చూసి బాగుందన్నాడు. తర్వాత కిందికి చూశాడు.

"ఇదేంటి?"

"పిల్లి కోసం."

"పిల్లేదీ?"

హార్కర్ మోకాళ్ల మీద కూర్చుని కన్నంలో చేయి పెట్టాడు. అవతల క్లోవర్ పడుకుని ఉంది. దాని ఊపిరి వెచ్చగా తగిలినట్టుంది, అతను చేయి వెంటనే తీయలేదు. లేచి ప్యాంటు దులుపుకుంటూ గోడవైపే చూస్తూ అన్నాడు.

"దీనికి సరిపడే రాయొకటి చూసుకోండి. నేను వచ్చే రోజుకి అది అందులో ఉండాలి."

విల్ఫ్ కుర్చీ కిందికి వంగి ఒక రాయి తీశాడు. నాలుగు పక్కలా చెక్కి సిద్ధంగా ఉంది. కన్నంలో పెడితే కత్తి మొన కూడా దూరలేదు.

"దొంగ ముసలాడివయ్యా నువ్వు," అని హార్కర్ మొదటిసారి నవ్వి, 'మూసివేయబడింది' అని రాసుకున్నాడు.

కారు లోయలోకి దిగిపోయింది. విల్ఫ్ రాయి బయటికి లాగాడు. తలుపున్నప్పుడు గదంతా వినిపించే నెమరు చప్పుడు ఇప్పుడు నేలబారున, సన్నగా వస్తోంది. బూట్లు విప్పి ఎడమ కాలు కన్నం దగ్గర పెట్టాడు. వెచ్చగా ఉంది. కాసేపయ్యాక అది తీసి కుడి కాలు పెట్టాడు.